సైటు మీద బాత్రూములు, తాగునీళ్లు, శుభ్రత: నల్లగొండ, పాలమూరు బిల్డర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, గోదాములు కట్టే కాంట్రాక్టర్లు, కూలీల్ని గుంపుగా తెచ్చే గుంపు మేస్త్రీలు అడిగే ప్రశ్నలు. ఒకటి రెండు కూలీలు అడిగినవి కూడా ఉన్నాయి. చట్టం ఏం చెబుతుందో చెప్పి వదిలేయకుండా, సైటు మీద ఏది పనికొస్తుందో, ఏది కాగితం మీదే మిగిలిపోతుందో కూడా రాశాను.

మాది చిన్న పని. ఈ రూల్స్ మాకూ వర్తిస్తాయా?

భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. గడిచిన 12 నెలల్లో ఏ ఒక్క రోజైనా 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసి ఉంటే ఆ సంస్థకు చట్టం వర్తిస్తుందని అందులో రాశారు. దాని స్థానంలో 2025లో వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ పది మంది లెక్కే ఉంది. కాబట్టి "ఇవాళ ఎనిమిది మందే ఉన్నారు సార్" అంటే చెల్లదు. స్లాబు వేసిన రోజు ఎంతమంది ఉన్నారని అడుగుతారు. స్లాబు రోజు పది మందితో అయ్యే పని మన దగ్గర ఎక్కడుంది?

సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇంటికి, ఖర్చు 10 లక్షలు దాటకపోతే, పాత చట్టం మినహాయింపు ఇచ్చింది. కొత్త కోడ్‌లో ఆ పరిమితి పెంచారు. మినహాయింపు ఉన్నంత మాత్రాన కూలీలకు కడుపులో తిప్పకుండా ఉండదు కదా. చిన్న ఇల్లు కట్టేవాళ్లు పునాది పనితో పాటే మూలన ఒక లెట్రిన్ కట్టి, దాన్నే తర్వాత ఇంటి బయటి బాత్రూముగా ఉంచుకుంటే అదనపు ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. ఈ పద్ధతిలో కట్టిన ఇళ్లు చాలానే ఉన్నాయి.

కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, పాత రూల్స్ పోయినట్టేనా?

కేంద్రం 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. నిర్మాణ కార్మికుల భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల విషయాలు అందులో 2020 నాటి భద్రత కోడ్ కిందికి వచ్చాయి. పేరు మారింది తప్ప యజమాని నెత్తిన ఉన్న బరువు తగ్గలేదు. శుభ్రత, తాగునీళ్లు, మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే చోటు అన్నీ అలాగే ఉన్నాయి. పైగా మగవాళ్లకు, ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు విడివిడిగా ఏర్పాటు ఉండాలని ఇందులో రాశారు. జరిమానాలు పాత చట్టంలో వేలల్లో ఉండేవి, ఇప్పుడు లక్షల్లోకి వెళ్లాయి. "జరిమానా కట్టేసి ఊరుకుందాం" అనుకునేవాళ్లు ఆ లెక్క మళ్లీ వేసుకోవాలి.

ఎంతమందికి ఎన్ని మరుగుదొడ్లు?

కాంట్రాక్ట్ లేబర్ కేంద్ర నిబంధనలు 1971లో ఇచ్చిన లెక్క పట్టుకుంటే ఎక్కడా ఇబ్బంది రాదు. మగవాళ్లు 25 మందికి ఒకటి, ఆడవాళ్లు 25 మందికి ఒకటి. ఎవరి సంఖ్య వంద దాటితే వాళ్లకు, మొదటి వంద వరకు 25కి ఒకటి, ఆపైన 50కి ఒకటి. ఉదాహరణకు 120 మంది మగవాళ్లు, 30 మంది ఆడవాళ్లు ఉన్న సైటులో మగవాళ్లకు 5, ఆడవాళ్లకు 2 కావాలి. మూత్రశాలల సంగతికొస్తే, 50 మంది కంటే తక్కువ ఉన్న చోట అవి విడిగా కట్టక్కర్లేదని 1996 చట్టమే చెప్పింది.

ఇది కనీస లెక్క. పొద్దున ఎనిమిదింటికి, మధ్యాహ్నం అన్నాల వేళకు అందరూ ఒకేసారి వస్తారు. లైను పెరిగితే సగం మంది తుమ్మ చెట్ల చాటుకే పోతారు.

మా సైటులో ఆడకూలీలు ఇద్దరే. వాళ్లకోసం వేరేగా కట్టాలా?

కట్టాలి. ఒక్కరున్నా కట్టాలి.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఒకసారి తమ సైటులోని బాత్రూము తలుపు దగ్గరికి వెళ్లి చూడాలి. చాలా చోట్ల గొళ్లెం ఉండదు. లోపల ఒక మేకు, తలుపు రేకుకు ఒక చిల్లు, ఆ చిల్లులోంచి తెచ్చి మేకుకు చుట్టిన బైండింగ్ వైరు. చీకట్లో, ఒక చేత్తో చీర పట్టుకుని ఇంకో చేత్తో ఆ వైరు తిప్పాలి. అందుకే ఒకామె లోపలికి వెళ్తే ఇంకొకామె బయట నిలబడుతుంది. ఇటుకలు మోసే పనిలోంచి ఇద్దరు ఒకేసారి వెళ్తే మేస్త్రీ కేక వేస్తాడు. ఆ కేక పడలేక వాళ్లు ఏం చేస్తారంటే, పొద్దంతా నీళ్లు తాగడం మానేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండలో! దాంతో మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు, కళ్లు తిరిగి పరంజా మీదనుంచి పడిపోవడం. ప్రమాదం జరిగాక "వడదెబ్బ తగిలింది" అని రాసుకుంటారు గానీ, దాని వెనక గొళ్లెం లేని తలుపు ఉందని ఎవరూ రాయరు.

ఆడవాళ్ల బాత్రూముకు లోపల గట్టి గొళ్లెం, పైన కప్పు, కింద కాళ్లు కనపడని తలుపు, ఒక బల్బు, కొంగు, సంచి తగిలించుకోవడానికి ఒక మేకు ఉండాలి. మగవాళ్ల వైపు నుంచి కాకుండా వేరే దారి పెట్టండి. బయట "స్త్రీలకు" అని రాసి, బొమ్మ కూడా వేయాలన్నది నిబంధన. చదువు రానివాళ్లకు, తెలుగు రాని ఒడియా, బిహారీ కూలీలకు ఆ బొమ్మే అక్షరం.

నెలసరి సమయంలో ఏం ఏర్పాటు చేయాలి?

మూత ఉన్న డబ్బా, కాగితం సంచులు, లోపలే నీళ్లు. ఇంతే. డబ్బాను రోజూ తీసే పని ఒకరికి అప్పగించండి. లేకపోతే వాడిన ప్యాడ్లు కమోడ్‌లోకి వెళ్లి పైపు బ్లాక్ అవుతుంది, తర్వాత ప్లంబర్‌కు ఇచ్చే డబ్బులతో ఏడాదికి సరిపడా డబ్బాలు వస్తాయి.

కట్టించాం. అయినా ఎవరూ వాడటం లేదు, బయటికే పోతున్నారు. వాళ్ల అలవాటే అంత కదా?

అలవాటు అనే మాట అంత తొందరగా అనకండి. ముందు ఈ నాలుగూ చూడండి.

నీళ్లు లోపల ఉన్నాయా? డ్రమ్ము ఇరవై గజాల దూరంలో ఉండి, జగ్గు ఒక్కటే ఉండి, అదీ కాంక్రీటు మిక్సర్ దగ్గర ఉంటే ఎవరూ వాడరు. కొళాయి లోపలే ఉండాలి, లేదంటే నిండిన బకెట్టయినా ఉండాలి.

కడుగుతున్నారా? మొదటి వారం బాగుంటుంది. రెండో వారం నుంచి లోపలికి అడుగుపెట్టలేరు. ఎవరు కడగాలో చెప్పకుండా కట్టిన బాత్రూముకు ఇదే గతి. సైటు చిన్నదైతే రోజుకు రెండుసార్లు కడిగేందుకు ఒక మనిషికి విడిగా కూలి ఇవ్వండి. కూలీలనే వంతులవారీగా కడగమంటే కులం పేరుతో గొడవలు వస్తాయి, లేదా ఎప్పుడూ ఒకే కుటుంబం మీద పడుతుంది. ఇది తెలిసి కూడా తెలియనట్టు ఉండే సూపర్‌వైజర్లు చాలామంది.

ఎంత దూరం? పని జరిగే చోటు నుంచి నడవడానికే పావుగంట పడితే అది ఉన్నా లేనట్టే. ఐదో అంతస్తు ప్లాస్టరింగ్ వాళ్లు కిందికి దిగి రావాలంటే, మూలన పూర్తికాని గదిలో పని కానిచ్చేస్తారు. కట్టడం పైకి లేచేకొద్దీ రెండు మూడు అంతస్తులకొకటి తాత్కాలికంగా కనెక్షన్ ఇవ్వండి. ఎలాగూ అక్కడ బాత్రూము పైపులు వేస్తారు కదా, ఒకదానికి ముందే కమోడ్ బిగించి వాడుకోవచ్చు.

తాళం ఎవరి దగ్గర ఉంది? "స్టాఫ్ టాయిలెట్" అని తాళం వేసి, తాళంచెవి ఇంజనీరు జేబులో పెట్టుకుంటే దాన్ని కూలీల లెక్కలో చూపించడం మోసం. చట్టంలో ఉన్న మాట కూడా ఎప్పుడైనా అందుబాటులో ఉండాలనే.

ఈ నాలుగూ సరిచేశాక కూడా ఎవరైనా బయటికి వెళ్తే అప్పుడు అలవాటు సంగతి మాట్లాడుకుందాం.

బాధ్యత ఎవరిది? బిల్డర్‌దా, కాంట్రాక్టర్‌దా, గుంపు మేస్త్రీదా?

పాత చట్టంలో ముందు కాంట్రాక్టర్‌ది. అతను చేయకపోతే పని ఇచ్చిన అసలు యజమాని చేసి, ఆ ఖర్చును కాంట్రాక్టర్ బిల్లులోంచి పట్టుకునేవాడు. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోని ఏర్పాటు అది. కొత్త భద్రత కోడ్‌లో కాంట్రాక్ట్ కూలీలకు ఈ సౌకర్యాలు కల్పించే బాధ్యత నేరుగా అసలు యజమాని మీదే పెట్టారు. గుంపు మేస్త్రీ మనుషుల్ని తెస్తాడు, అంతే. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో ఇరవై మందిని జీపులో ఎక్కించుకుని వచ్చిన మనిషి మీద బాత్రూము భారం వేయడం న్యాయం కాదు, చట్టం ముందు నిలవదు కూడా. అగ్రిమెంటు రాసుకునేటప్పుడే బాత్రూములు, నీళ్లు, క్లీనింగ్ ఎవరి ఖర్చో ఒక లైను రాసుకుంటే తర్వాత తగాదా ఉండదు.

మేం 1 శాతం సెస్ కడుతున్నాం. అందులోంచి ప్రభుత్వం కట్టించదా?

కట్టించదు. నిర్మాణ ఖర్చు మీద వసూలు చేసే ఆ సెస్ సంక్షేమ బోర్డుకు వెళ్తుంది. పేరు నమోదు చేసుకున్న కార్మికులకు ప్రమాద సాయం, ప్రసూతి సాయం లాంటివి దాంట్లోంచి ఇస్తారు. సైటు మీది సౌకర్యాలు మీ ఖర్చే.

తాగడానికి బోరు నీళ్లు సరిపోవా? ఊళ్లో అందరూ తాగినవే కదా?

ఈ మాట నల్లగొండలో అనకూడదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన మనుషుల్ని చూడనివాళ్లు జిల్లాలో ఉండరు. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. కొత్త సైటులో 400, 500 అడుగులు దింపిన బోరులో ఎంత ఉందో చూస్తే తెలియదు, రుచికీ తెలియదు. నమూనా ల్యాబ్‌కు పంపి పరీక్ష చేయించాలి.

చాలామంది "కాచి ఇస్తున్నాం" అంటారు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. మిషన్ భగీరథ కనెక్షన్ అందేచోట అది తీసుకోండి, లేదంటే ఆర్‌ఓ క్యాన్లు తెప్పించండి. క్యాన్లు తెప్పించేవాళ్లు ఆ ప్లాంటు ఎలా ఉందో ఒకసారి స్వయంగా వెళ్లి చూడాలి. బోరు నీళ్లు నేరుగా పట్టి పంపేవాళ్లూ ఉన్నారు.

బోరు నీళ్లు క్యూరింగ్‌కు (సిమెంటు గట్టిపడేలా తడపడానికి), బాత్రూములకు వాడుకోండి. తాగునీళ్ల పాయింటు మీద "తాగునీరు" అని ఎక్కువమందికి వచ్చిన భాషలో రాయాలి. సగం మంది ఒడిశా వాళ్లయితే ఒడియాలో కూడా రాయించండి, వాళ్లలోనే ఒకరు రాసిపెడతారు. కడుక్కునే చోటుకు, మరుగుదొడ్డికి 6 మీటర్ల లోపు తాగునీళ్లు ఉండకూడదు. చట్టంలో కొలత ఇచ్చి మరీ చెప్పిన విషయం ఇది.

ఎండకాలంలో ఇంకేం చూసుకోవాలి?

నీడ, చల్లటి నీళ్లు, మధ్యాహ్నం విరామం. కుండలు గోనెపట్టా చుట్టి పెడితే కరెంటు లేకపోయినా నీళ్లు చల్లగా ఉంటాయి. కుండలో చేయి ముంచకుండా కొళాయి ఉన్న కుండ కొనండి, లేదా పొడుగు పిడి గరిటె పెట్టండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో ఉంచండి. రేకుల బాత్రూములోకి మే నెల రెండు గంటలకు ఒకసారి వెళ్లి నిలబడి చూడండి. పైన తాటాకులో కొబ్బరి మట్టలో కప్పిస్తే మనుషులు లోపల నిలబడగలరు.

సిమెంటు చేతులు కడుక్కోవడానికి విడిగా చోటు కావాలా? క్యూరింగ్ తొట్టిలో కడుక్కుంటున్నారు.

కావాలి. తడి సిమెంటుకు సున్నానికున్నంత ఘాటు ఉంటుంది. వేళ్ల సందుల్లో, గోళ్ల మొదట్లో చర్మం ఒలిచిపోతుంది. కొందరికి సిమెంటులోని క్రోమియం పడక దురద ఏళ్ల తరబడి వదలదు. బూటులోకి తడి కాంక్రీటు పోతే అప్పుడు నొప్పి తెలియదు, సాయంత్రానికి బొబ్బ లేస్తుంది. అందుకని పారే నీళ్లు, సబ్బు ఉండాలి. నలుగురు సిమెంటు చేతులు ముంచిన తొట్టిలో ఐదోవాడు కడుక్కుంటే అవి శుభ్రమైన చేతులు కావు, సిమెంటు నీళ్లు పూసుకున్న చేతులు.

పెయింటర్లు కిరోసిన్‌తో, థిన్నర్‌తో చేతులు తుడుచుకుంటారు. అవి చర్మంలోని జిడ్డునంతా లాగేస్తాయి. కొంచెం వంటనూనె రాసి, తుడిచి, సబ్బుతో కడిగితే చాలావరకు పోతుంది. కొళాయి దగ్గర సబ్బు నిలవడం లేదని కొందరి ఫిర్యాదు. పాత సాక్సులో సబ్బు వేసి కొళాయికి కట్టండి, ఎక్కడికీ పోదు.

బాత్రూము కడిగేటప్పుడు ఏమైనా ప్రమాదం ఉందా?

ఉంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ ఒకేసారి వేయకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కిటికీ లేని చిన్న రేకుల గదిలో అది ఊపిరి ఆడనివ్వదు, ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది. మరక ఎక్కువుందని "రెండూ వేస్తే తొందరగా పోతుంది" అనుకునేవాళ్లు ప్రతి సైటులో ఒకరుంటారు. సీసాల మీద పేరు రాసి, యాసిడ్‌ను పాత కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోయకుండా చూడండి. పిల్లలున్న క్యాంపుల్లో ఇది మరీ ముఖ్యం. కడిగే మనిషికి రబ్బరు చేతొడుగులు, గమ్ బూట్లు ఇవ్వాలి.

సెప్టిక్ ట్యాంకు నిండింది. మనిషిని దింపి తీయించొచ్చా?

వద్దు. ఏ పరిస్థితిలోనూ వద్దు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపితే మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా పడొచ్చు. అందులో చనిపోయినవాళ్ల కుటుంబానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షలకు పెంచింది. వాక్యూమ్ ట్యాంకర్‌ను పిలిపించండి.

అయితే కొత్త ట్యాంకులే ఎక్కువ మోసం చేస్తాయి. వాడని ట్యాంకు, వాసన లేని సంపు, లోపల సెంట్రింగ్ చెక్కలు (కాంక్రీటు పోయడానికి ఆనిచ్చినవి) మాత్రమే ఉన్నాయి, తీయడానికి ఎవరో దిగుతారు. మూత వేసి రెండు మూడు వారాలైంది. లోపల తడి చెక్క కుళ్లుతూ గాలిలోని ఆక్సిజన్‌ను తినేసి ఉంటుంది. దిగినవాడు అరవకుండానే కూలిపోతాడు. పైనున్నవాడు జారిపడ్డాడేమో అనుకుని దిగుతాడు, అతనూ పడిపోతాడు. ఒక్కరితో మొదలై ముగ్గురు పోయే ప్రమాదాలు ఇలాగే జరుగుతాయి. కాబట్టి మూతలన్నీ తీసి, బ్లోయరుతో చాలాసేపు గాలి ఆడించి, గ్యాస్ మీటరుతో చూసి, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరిని నిలబెట్టకుండా ఎవరినీ దింపొద్దు. లోపల పడినవాడి కోసం దిగొద్దు, తాడుతో లాగండి, 101కి ఫోన్ చేయండి. అగ్గిపుల్ల గీసి గాలి పరీక్షించే పాత పద్ధతి పెట్టుకోకండి. మీథేన్ ఉంటే ట్యాంకే పేలుతుంది.

తాత్కాలిక లెట్రిన్ గుంత ఎక్కడ తవ్వాలి?

బోరుకు వీలైనంత దూరంగా, వాలుకు కింది వైపు. 30 మీటర్లు ఉంటే నిశ్చింత. మన దగ్గర నాలుగడుగులు తవ్వితే రాయి తగులుతుంది. ఆ రాతిలో నీళ్లు ఇంకవు, బీట ఉన్నచోట మాత్రం వడకట్టకుండానే పోయి బోరులో చేరతాయి. గుంత నిండి పైకి పొంగినా, బీటలోంచి జారినా నష్టమే. రాతి నేలలో గుంత వద్దు, సీలు చేసిన ట్యాంకు పెట్టి ట్యాంకర్‌తో తీయించండి. అద్దెకు దొరికే ఫైబర్ టాయిలెట్లు కూడా పర్వాలేదు, నెలకు ఎన్నిసార్లు ఖాళీ చేస్తారో ముందే మాట్లాడుకోండి.

బాత్రూములో లైటు పెట్టాం. వైరింగ్ సంగతి?

చెక్కకు కట్టిన హోల్డరు, టేపు చుట్టిన అతుకు, తడి గోడ, ఒట్టి కాళ్లు. ఇంతకంటే చెప్పక్కర్లేదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి, స్విచ్ బయట ఉంచండి, మోటారుకు ఎర్తింగ్ చూడండి.

కూలీలు సైటులోనే గుడిసెలు వేసుకుని ఉంటున్నారు. అక్కడి శుభ్రత కూడా మాదేనా?

మీదే. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టినవాళ్లు. ఇప్పుడు మన జిల్లాల్లోకి ఒడిశా, బిహార్, జార్ఖండ్ వాళ్లు వస్తున్నారు. పాలమూరు తాతలు ఇంకో రాష్ట్రంలో ఏ గుడిసెల్లో బతికారో తలుచుకుంటే ఈ ప్రశ్నే రాదు. చట్టం ప్రకారం తాత్కాలిక వసతి ఉచితంగా ఇవ్వాలి, అందులో వంటకు, స్నానానికి, బట్టలు ఉతకడానికి, మరుగుదొడ్డికి వేరువేరు చోట్లు ఉండాలి. 50 మంది కంటే ఎక్కువ ఆడకూలీలు ఉంటే ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని 1996 చట్టం చెప్పింది. కొత్త కోడ్‌లో ఆడా మగా కలిపి 50 మంది దాటితే చాలు. అంతమంది లేకపోయినా పిల్లలుంటే నీడ, ఒక ఆయా అవసరం. ఇసుక కుప్ప మీద ఆడే పిల్లలు సంపు దగ్గరికి రావడానికి ఎంతోసేపు పట్టదు. సంపు మీద మూత ఎప్పుడూ ఉండాలి.

దోమల గురించి మునిసిపాలిటీ వాళ్లు ఫైన్ అంటున్నారు.

క్యూరింగ్ నీళ్లు, లిఫ్ట్ గుంత, ఖాళీ డ్రమ్ములు. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరేదాకా వారం, పది రోజులు చాలు. వారానికోసారి అన్నీ ఖాళీ చేసి ఆరబెట్టండి.

నేను కూలీని. బాత్రూము లేదని అడిగితే పని మానిపిస్తారేమో. ఎవరికి చెప్పాలి?

ఒక్కరే అడగకండి అన్నా, అక్కా. నలుగురు కలిసి మేస్త్రీకి, తర్వాత సూపర్‌వైజర్‌కు చెప్పండి. వినకపోతే మీ మండలం చూసే లేబర్ ఆఫీసుకు రాసివ్వండి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంది, అక్కడా ఇవ్వొచ్చు. ఆడవాళ్లతో ఎవరైనా అసభ్యంగా ప్రవర్తించారంటే అది వేరే కేసు. పది మంది పనిచేసే చోట కంపెనీలోనే కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సైటయితే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయి కమిటీకి వెళ్లొచ్చు. సైటు ఫోటో, తేదీ దగ్గర పెట్టుకోండి.

పని అయిపోయాక తాత్కాలిక బాత్రూములు ఏం చేయాలి?

ట్యాంకర్‌తో ఖాళీ చేయించి, గుంతలో సున్నం చల్లి, మట్టితో నింపి గట్టిగా దిమ్మిస కొట్టించండి. పైన రేకు కప్పి వదిలేస్తే వానాకాలంలో కుంగి, గొర్రెలో పిల్లలో అందులో పడతారు. కూలీల వసతి తీసేశాక నేలను చదును చేసి శుభ్రంగా అప్పగించాలని చట్టంలో ఉంది. ఇంటి ఓనర్‌కు చోటు అప్పగించేటప్పుడు ఆ గుంత ఎక్కడుండేదో ప్లాను మీద గుర్తుపెట్టి ఇవ్వండి, రేపు వాళ్లు అక్కడే బోరు వేయకుండా ఉంటారు.